కాస్త జరగండి

నవంబరు 4, సోమవారం

పిన్ని నాకు తన ఒక్క గదిలోనే దివాన్ ఇచ్చింది. కాళ్ళు చాపుకుంటే మడమలు గాల్లో ఉంటాయి. ముడుచుకుంటే మోకాళ్ళు కుట్టుమిషన్‌కి తగులుతాయి. అయినా హాయిగా ఉంది. ఈ డైరీ మొదలుపెట్టింది ఆ మాట రాసిపెట్టుకోవడానికే. హాయిగా ఉంది.

"నాకు కాస్త ఊపిరాడే చోటు కావాలి" అన్నాడు మా ఆయన. ఆరేళ్ళ కాపురం తర్వాత, భోజనం చేస్తూ చేస్తూ, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా. ఇల్లంతా నువ్వే ఉంచుకో అని ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని వచ్చేశాను. మూడు గదులు, ఒక బాల్కనీ. ఎంత కావాలంటే అంత పీల్చుకోవచ్చు.

పిన్ని కారణం అడగలేదు. "ఎన్నాళ్ళుంటావే?" అంది.

"చూద్దాం పిన్నీ."

"అయితే ఫ్రిజ్‌లో కింది అర నీది. పై అరలో చెయ్యి పెట్టావంటే ఊరుకోను."

బాబాయి పోయి చాలా కాలమైంది. అప్పటినుంచీ పిన్ని ఒక్కతే, ఈ గదీ వంటిల్లూ కుట్టుమిషనూ. ఒంటరిగా ఉండటంలో ఆవిడది చెయ్యి తిరిగిన పనితనం.

నవంబరు 5, మంగళవారం

ఎయిర్‌పోర్టులో ఎదురు వైపు లాంజ్‌ని మరమ్మతులకి మూసేశారు. ఆ విమానాల బిజినెస్ క్లాసు వాళ్ళంతా విమానం ఎక్కేదాకా కూర్చోవడానికి ఇకనుంచి నేను నడిపే లాంజ్‌కే వస్తారట. పై ఆఫీసునుంచి పెద్దసారు ఫోన్ చేసి "కొంచెం సర్దుకోండమ్మా" అన్నారు. సర్దడానికి ఇదేమైనా బట్టల బీరువానా?

పొద్దున్న తొమ్మిదికల్లా క్యూ సెంటు సీసాల కొట్టుదాకా వెళ్ళింది. మా రిసెప్షన్ అమ్మాయి రోజంతా ఒకటే వాక్యం అంటుంది, "స్వాగతం, కార్డు చూపిస్తారా, ఎడమవైపు ఖాళీ ఉంది." అందుకే అందరం దాన్ని చిలక అంటాం. ఇవాళ ఎడమవైపు ఖాళీ లేదు. కుడివైపూ లేదు. అయినా చిలక అదే వాక్యం అంటూనే ఉంది, జనం ఎడమవైపు వెళ్ళి గోడని గుద్దుకుని తిరిగి వస్తూనే ఉన్నారు.

నేను చేసిన పని ఒక్కటే. "కాస్త జరగండి. కాస్త జరుగుతారా. దయచేసి కాస్త జరగండి." మూడు సీట్ల మేడమ్ మాత్రం జరగలేదు. వారం వారం వచ్చే మనిషి. ఒక సీట్లో తను, ఒకదాంట్లో సంచి, మూడోదాంట్లో ఆవిడ కాళ్ళు. "నేను డబ్బు కట్టింది చోటు కోసమమ్మా" అంది. చోటు కావాలనేవాళ్ళు ఈ మధ్య నాకే తగులుతున్నారు.

నవంబరు 7, గురువారం

మా లాంజ్ వంటాయనకి మోకాలి ఆపరేషన్. రెండు నెలలు రాడు. విమానాలకి భోజనాలు వండే ఫ్లైట్ కిచెన్‌నుంచి ఇంకొకర్ని పంపుతున్నారట. ఫ్లైట్ కిచెన్‌లో ముప్పైమంది వంటవాళ్ళున్నారు. మా ఆయన వాళ్ళలో ఒకడు. ముప్పైమందిలో ఒకడు.

నవంబరు 8, శుక్రవారం

ఆ ఒకడే వచ్చాడు.

నవంబరు 11, సోమవారం

లాంజ్ వెనక వండి సర్దే మా ప్యాంట్రీ ఎంత ఇరుకంటే, ఇద్దరు ఎదురుపడితే ఒకరు ట్రే నెత్తిమీదికి ఎత్తి గోడకి అతుక్కోవాలి. ఏ పక్కనుంచి వస్తున్నారో ముందే అరవాలి. "వెనక" అంటే వెనకనుంచి వేడి గిన్నెతో వస్తున్నానని. రోజంతా నేనూ అతనూ ఒకరికొకరం "వెనక, వెనక" అంటూనే ఉన్నాం. కాపురంలో ఇంత మాట్లాడుకోలేదు.

డ్యూటీలో ఇద్దరం "మీరు" అనే అనుకుంటున్నాం. నేనే మొదలుపెట్టాను.

"సూపు ఎంతసేపట్లో వస్తుందండీ?"

"పది నిమిషాల్లో మేడమ్."

"ఐదు నిమిషాల్లో కావాలండీ."

"ఆ మాట పొయ్యికి చెప్పండి మేడమ్."

చిలక వింది. "మీ ఇద్దరికీ ముందే పరిచయమా మేడమ్?" అని అడిగింది.

"కొంచెం" అన్నాను.

నవంబరు 14, గురువారం

పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ, "ఎలా ఉన్నాడే మీ ఆయన?" అంది.

"నేను చూడలేదు పిన్నీ. పని సరిపోతోంది. ఎడమ మణికట్టు మీద కాలింది, మందు రాసుకున్నట్టు లేదు. గడ్డం రెండు రోజులది. పై గుండీ తప్పు పెట్టుకున్నాడు, రోజంతా అలాగే తిరిగాడు. కొంచెం చిక్కాడు."

"చూడకపోతేనే ఇంత" అంది పిన్ని.

నవంబరు 15, శుక్రవారం

ఇవాళ అతన్ని అసలు పట్టించుకోలేదు.

నవంబరు 16, శనివారం

ఇవాళ కూడా. మందు ట్యూబు చిలక చేత ఇప్పించాను, అంతే.

నవంబరు 19, మంగళవారం

పెద్దసారు స్వయంగా వచ్చారు. ఫిర్యాదులు బుట్టెడు వస్తున్నాయట. నెలాఖరులోగా తగ్గకపోతే మా కంపెనీకి ఈ లాంజ్ కాంట్రాక్టు పోతుంది. అంటే నేనూ చిలకా, తుడిచేవాళ్ళూ కడిగేవాళ్ళూ అందరం బయటికే.

ఆయనే ఒక ఉపాయం కూడా తెచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక ఎర్ర కార్డు. దాని మీద వచ్చిన వేళ రాసి ఇవ్వాలి. గంటన్నర దాటితే మర్యాదగా లేపేయాలి. నాకు నచ్చింది. ఒక పద్ధతంటూ ఉంటుంది. నాకు పద్ధతి ఇష్టం, అందులో తప్పేముంది. ఇంట్లో కూడా తువ్వాళ్ళు ఎక్కడ ఆరేయాలో చీటీ అంటించానని అతను పదిమందిలో నవ్వాడు. అది ఒక్క చీటీ. బాల్కనీలోది లెక్కలోకి రాదు.

నవంబరు 20, బుధవారం

ఎర్ర కార్డుల మొదటి రోజు.

ఒకాయన అన్నాడు, "అమ్మా, నా విమానం నాలుగు గంటలు లేటు. గంటన్నర ఇక్కడ కూర్చుంటాను సరే. మిగతాది గాల్లో కూర్చోనా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు, డ్యూటీలో ఉన్నాను.

దిండు తాతగారిని కూడా లేపాల్సి వచ్చింది. మెడకి తగిలించుకునే దిండుతో వస్తారు, ఎవరినీ ఏమీ అడగరు. కార్డు చూపించగానే "అయ్యో, చూసుకోలేదమ్మా" అని లేచి, ముక్కు తుడుచుకుని, నాకే థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. గొడవ పెట్టుకున్నా బాగుండేది. మా కొత్త వంటాయన పేపర్ గ్లాసులో సూపు పోసుకుని ఆయన వెనకాల నడవా చివరిదాకా వెళ్ళి ఇచ్చి వచ్చాడు.

ప్యాంట్రీలో నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. "అలా లేపేస్తే ఎలా?"

"అది రూలు. వంటవాళ్ళు వంట చూసుకుంటే మంచిది."

"తినేవాళ్ళని నువ్వు లేపేస్తుంటే నేనెవరికి వండాలి?"

"నువ్వు" అన్నాడు. డ్యూటీ వేళ. రిపోర్టు చేయాలి. పనిలో పడి మర్చిపోయాను.

నవంబరు 21, గురువారం

అతనికి ఫోన్ వచ్చింది. నేను అరల వెనక కప్పులు సర్దుతున్నాను. కావాలని వినలేదు.

"నా కోసం చూడకుండా తినెయ్. బయటికి వెళ్తే బాల్కనీ తలుపు వేసుకో. సాయంత్రం పాలు నేను తెస్తాను."

బాల్కనీ తలుపు. అది మా బాల్కనీ. అతని బాల్కనీ. నాకెందుకు.

నవంబరు 22, శుక్రవారం

నాకెందుకు.

నవంబరు 23, శనివారం

పిన్నితో చెప్పాను. "ఇంట్లో ఎవరో ఉన్నారు పిన్నీ."

"ఎవరూ?"

"ఏమో. పాలు తాగుతారు."

పిన్ని మిషన్ ఆపింది. "పాలు పిల్లి కూడా తాగుతుంది."

"పిల్లికి ఫోన్ చేసి తలుపు వేసుకోమంటారా?"

పిన్ని లేచింది. ఫ్రిజ్‌లో పై అరలోంచి ఆవిడ జున్ను ముక్క తీసి నాకు పెట్టింది. అంత దిగాలుగా కనిపించానేమో. నేనైతే మామూలుగానే ఉన్నాను.

నవంబరు 25, సోమవారం

కాళ్ళు రెండూ వాచిపోయాయి. అయినా ఇవాళ్టిది రాయాల్సిందే.

తెల్లవారేసరికి పొగమంచు. కిటికీలోంచి చూస్తే విమానాలు లేవు, రన్‌వే లేదు, తెల్లటి దుప్పటి కప్పేసినట్టుంది. ఒక్కటీ ఎగరలేదు. పది దాటేసరికి లాంజ్‌లో కుర్చీల చేతుల మీద కూడా మనుషులు. కార్పెట్ మీద ఒక కుటుంబం మొత్తం పడుకుంది. పెద్దసారు ఫోన్ చేసి "తలుపు వేసేయండి, ఎవర్నీ రానివ్వొద్దు" అన్నారు. తలుపు అవతల అద్దానికి ముఖం ఆనించి ఒక చంటిపిల్ల లోపలికి చూస్తోంది. చిలక అలవాటుకొద్దీ "స్వాగతం" అని మొదలుపెట్టి, మిగతాది అనలేక ఏడ్చేసింది.

నేను దాన్ని కూర్చోబెట్టి, ఒక కుర్చీ ఎక్కి గది మొత్తం చూశాను. నిలబడ్డవాళ్ళందరూ ఒక్కచోటే ఉన్నారు, బఫే బల్ల చుట్టూ. ప్లేటు నిండినవాళ్ళు బయటికి రాలేరు, ఖాళీ ప్లేటు వాళ్ళు లోపలికి పోలేరు. గది నడుమ రైలు పెట్టెంత బల్ల. చుట్టూ దానికి కావలసిన జాగా ఇంకో అంత. గోడల పక్క వరసల్లో చూస్తే సగం సీట్లలో సంచులు కూర్చున్నాయి.

ఆ బల్ల అతని ప్రాణం. పొద్దున్న నాలుగింటికి వచ్చి బన్నులతో గోపురం కట్టాడు, పుచ్చకాయని హంసలా చెక్కాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"బల్ల తీసేయాలి" అన్నాను.

"ఈ బల్లా?"

"అవును. తిండి కోసం వాళ్ళు రాకూడదు. మనమే ట్రేలతో తిరగాలి. అప్పుడు బయటివాళ్ళు కూడా పడతారు."

అతను హంసని చూశాడు, నన్ను చూశాడు, తలుపు అవతల చంటిపిల్లని చూశాడు. "మరి ఎర్ర కార్డుల సంగతి?" అన్నాడు.

నేను చిలక చేతిలో కట్ట తీసుకుని చెత్తబుట్టలో వేశాను.

"అటువైపు పట్టుకో" అన్నాడు.

ఇద్దరం బల్ల ఎత్తాం. మధ్యలో నా పట్టు జారింది, దిండు తాతగారు పరుగున వచ్చి పట్టుకున్నారు. ఆయనెప్పుడు వచ్చారో చూడలేదు, ఈసారి ఆయన విమానమూ ఆగిపోయింది. బల్లని ప్యాంట్రీ అవతలి నడవాలోకి తోసేసి తలుపు తెరిచాం. హంస చంటిపిల్లకి ఇచ్చేశాడు. ఆ పిల్ల మొదట తల కొరికింది.

జనం లోపలికైతే వచ్చారు, సీట్లే లేవు. నేను "కాస్త జరగండి" అంటున్నాను, గొంతు పోయింది, ఎవరికీ వినపడటం లేదు. అప్పుడు మూడు సీట్ల మేడమ్ లేచి నిలబడింది. ఇక నా పని అయిపోయింది అనుకున్నాను. ఆవిడ తన సంచి తీసి కుర్చీ కింద పెట్టింది, చెప్పులు వేసుకుంది, రెండు చేతులూ చరిచింది. "అందరూ సంచులు కింద పెట్టండి. సంచికి టికెట్ ఉన్నవాళ్ళు నాకు చూపించండి." సంచులన్నీ కిందికి దిగాయి. మధ్యాహ్నం దాకా ఆవిడే వరసల మధ్య తిరుగుతూ ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చింది. ఒకరిద్దర్ని మంచి సీట్లలోంచి లేపి ముసలివాళ్ళని కూర్చోబెట్టింది కూడా. మనిషికి అధికారం ఇచ్చి చూడాలంతే.

మేమిద్దరం ట్రేలు పట్టుకుని తిరిగాం. సూపు, శాండ్‌విచ్, మళ్ళీ సూపు. ప్యాంట్రీలో ఎదురుపడ్డప్పుడు నా చేతులు రెండూ ఖాళీగా లేవు.

"ఏమైనా తిన్నావా?" అన్నాడు.

"ఎక్కడ తింటాను?"

అతను సగం శాండ్‌విచ్ నా నోట్లో పెట్టేశాడు. "ఉప్పు తక్కువైంది" అన్నాను నములుతూ. తక్కువ కాలేదు.

మూడింటికి ఎండ వచ్చింది. విమానాలు వరసగా లేచాయి. ఐదయ్యేసరికి లాంజ్ ఖాళీ. ఇద్దరం ప్యాంట్రీలో నేల మీద కూలబడ్డాం. వీపు ఒక గోడకి, పాదాలు ఎదుటి గోడకి.

"ఊపిరాడే చోటు దొరికిందా మరి?" అని అడిగాను.

"నేనన్నది గదుల గురించి కాదు" అన్నాడు. "నేనేదైనా చెప్పడం మొదలుపెడితే, సగంలో నువ్వు–"

"అదేమిటి, నేనెప్పుడూ–"

"చూశావా."

నోరు మూసుకున్నాను. అతను మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను, అది మాత్రం రాస్తున్నాను.

తర్వాత నా వంతు. "కోపం వచ్చిన రోజే చెప్పు. మూడు నెలలు దాచి ఒక్క పూటే వడ్డిస్తే ఎవరికి అరుగుతుంది?" అన్నాను. అతను ఆలోచించి "సరే" అన్నాడు.

అంతా బాగుంది కదా అని, "ఆదివారం ఇంటికి వస్తాను, నా చలికోటు కావాలి" అన్నాను.

అతని ముఖం మారిపోయింది. "ఆదివారం వద్దు. కోటు నేనే తెచ్చిస్తాలే."

నవంబరు 26, మంగళవారం

ఆదివారం వద్దట.

నవంబరు 28, గురువారం

పెద్దసారు వచ్చి బల్ల లేని లాంజ్ నడుమ నిలబడి చుట్టూ చూశారు. "ఎవరిని అడిగి తీశారు?" అన్నారు. "ఎవరినీ అడగలేదండీ, నేనే" అన్నాను. వెనకనుంచి మా వంటాయన "ఇద్దరం తీశామండీ" అన్నాడు.

సోమవారం వచ్చిన ఫిర్యాదు ఒక్కటేనట, సూపు అయిపోయిందని. పెద్దసారు కాసేపు గొంతు సవరించుకున్నారు. ఎదురు లాంజ్ తెరిచేదాకా ఇలాగే ఉంచమన్నారు. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించిన సంగతి లిఫ్టు ఎక్కుతూ, తలుపులు మూసుకుంటుండగా చెప్పారు. చిలక ఆ లిఫ్టు తలుపులకే దణ్ణం పెట్టింది.

డిసెంబరు 1, ఆదివారం

వద్దన్నాడు కాబట్టే వెళ్ళాను. పిన్ని కూడా తయారైంది. "ఒక్కదానివే వెళ్తే గుమ్మంలోంచే తిరిగొచ్చేస్తావు" అంది.

తాళంచెవి నా సంచిలోనే ఉంది. అయినా బెల్ కొట్టాను. తలుపు తీసింది ఒక భారీ మనిషి. భుజాన నా తువ్వాలు, చేతిలో గరిటె. నన్ను చూసి గరిటె వెనక్కి దాచుకున్నాడు. లోపలినుంచి ఇంకొకడు "ఎవరు బావా?" అంటూ వచ్చాడు. వాడి ఒంటి మీద నా చలికోటు ఉంది. మూడోవాడు సోఫా మీద నిద్రపోతున్నాడు. నాలుగోవాడు బాల్కనీలో గిన్నెలు తోముతున్నాడు.

మా ఆయన వంటింట్లోంచి వచ్చి, నన్ను చూసి, అక్కడే ఆగిపోయాడు.

"వీళ్ళెవరు?" అన్నాను.

"మా ఫ్లైట్ కిచెన్ వాళ్ళు." చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు వెళ్ళాక మొదటి వారం చాలా బాగుంది. నిజంగా. రెండో వారం ఫ్రిజ్ చప్పుడు వినపడటం మొదలైంది. రాత్రంతా అదే చప్పుడు. సరే, తోడుంటాడని వీణ్ణి పిలిచాను. వాడికి ఒక బావమరిది ఉన్నాడు. ఆ బావమరిదికి ఇద్దరు స్నేహితులు. అద్దెకుండే ఇల్లు కూలగొడుతున్నారని అందరూ..."

నేను ఆగాను. అతను మాట పూర్తి చేస్తాడేమోనని చూశాను.

"...వచ్చేశారు" అన్నాడు. "కొత్త ఇల్లు జనవరికి గానీ దొరకదట. పొమ్మనలేకపోయాను. చోటు కావాలన్నది నేనే కదా, ఈ సంత నీకు ఎలా చూపించను?"

కోటు వేసుకున్నవాడు గబగబా విప్పి, మడతపెట్టి, రెండు చేతులతో నాకిచ్చాడు. "చలిగా ఉంటేనూ వదినా" అన్నాడు. సోఫా మీదవాడు కళ్ళు తెరవకుండానే "వదిన వచ్చిందా, టీ పెట్టండ్రా" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. నాలుగు వారాలుగా ఎక్కడ దాక్కుందో ఆ నవ్వు, గోడ పట్టుకుని నవ్వాను. పాలు తాగేవాళ్ళు నలుగురు, అందరికీ మీసాలు.

నలుగురు వంటవాళ్ళున్న ఇంట్లో పిన్నిని అతిథిగా కూర్చోబెడితే ఏమవుతుందో ఇవాళ చూశాను. ఒకడు ఆమ్లెట్ వేస్తే ఇంకొకడు అది బాలేదని మరో రకం వేశాడు. ఒకడు కేకు తెచ్చాడు. భారీ మనిషి పిన్ని కాళ్ళకింద పీట వేశాడు. పిన్ని అన్నీ తింది. ఆవిడకి ఒకరు వండిపెట్టి ఎన్నేళ్ళయిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

బాల్కనీలో మా ఆయన నన్ను అడిగాడు, "నువ్వు వస్తానంటే రేపే వీళ్ళకి ఇంకో చోటు చూస్తాను."

"ఎక్కడ చూస్తావు? జనవరి దాకా ఉండనీ."

"మరి నువ్వు?"

నేను జవాబు చెప్పేలోపే లోపలినుంచి పిన్ని గొంతు వినపడింది. "నేనిక్కడే ఉంటాను" అంటోంది. "జనవరి దాకా. మిషన్ తెచ్చుకుంటే వీళ్ళ చొక్కాలు కుట్టిపెట్టొచ్చు. ఒక్కడికీ సరైన చొక్కా లేదు. నా ఇంట్లో మీరిద్దరూ ఉండండి."

"అది ఒక్క గదే కదా పిన్నిగారూ" అన్నాడు మా ఆయన.

"అందుకే" అంది పిన్ని.

డిసెంబరు 2, సోమవారం

పిన్ని పొద్దున్నే మిషన్‌తో సహా వెళ్ళిపోయింది. మోయడానికి నలుగురూ వచ్చారు. వెళ్తూ వెళ్తూ, ఆవిడ గది మేం వాడుకోవచ్చంది. ఫ్రిజ్‌లో పై అర సంగతి మాత్రం ఎత్తలేదు.

మా ఆయన ఒక్క సంచితో వచ్చాడు. గదిలో అతను నడిస్తే నేను కూర్చోవాలి, నేను నడిస్తే అతను కూర్చోవాలి. ఇప్పుడు అతను కూర్చుని ఉన్నాడు. ఫ్లైట్ కిచెన్‌లో ఎప్పుడో జరిగిన ఒక సంగతి చెబుతున్నాడు. ఒక పైలట్, ఒక పెట్టె గుడ్లు. అరగంట అయింది. గుడ్లు ఇంకా లారీలోనే ఉన్నాయి.

డైరీ రాస్తూ వింటే విన్నట్టు కాదట. పెన్ను కింద పెడుతున్నాను.